ప్రరోచనయు ట్రైలరును: ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారముపై నొక పాఠము

భరతుడు నాట్యశాస్త్రమున భారతీవృత్తికి నాలుగంగములు చెప్పెను. అందు మొదటిది ప్రరోచన. ప్రదర్శింపబోవు కావ్యమును ప్రశంసించి సామాజికులను దానికి నభిముఖులను జేయుట దీని ప్రయోజనము. నేడు చలనచిత్రమునకు ముందుగా వెలువడు ట్రైలరు చేయుచున్న పనియు నిదియే. తొలినాళ్ల నిట్టి తునుకలను ప్రధానచిత్రము ముగిసిన పిదప జూపుచుండుటచే 'వెంబడి వచ్చునది' యను నర్థమున నాపేరు కలిగినది. తునుక ముందునకు జరిగినను పేరు మాఱలేదు. కాని ప్రరోచన ప్రశంసించును. థ్రిల్లరు ట్రైలరు ప్రశ్నించును. విద్యార్థులు తీయు ట్రైలరులను విమర్శించునపు డీ భేదమును మఱువరాదు.

థ్రిల్లరు జాతికి సాధారణమైన సంకేతములను మన పరిభాషలో సమయములనవచ్చును. చకోరము వెన్నెలను గ్రోలుననియు, కీర్తి తెల్లనిదనియు కవులు చెప్పగా మన మంగీకరించుచున్నాము. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు వీనిని వర్గీకరించినాడు. చీకటి నడవ, మ్రోగి మ్రోగి యాగిన టెలిఫోను, ముఖము కానరాని యాగంతుకుడు, నల్లని తెరపై తెల్లని యక్షరములు, హఠాత్తుగ నిలిచిపోవు సంగీతము: ఇవియు నట్టివే. ప్రేక్షకుడు వీనిని జూచినంతనే యిది యే జాతి చిత్రమో గ్రహించును. కనుక విద్యార్థి వీనిని వాడుట దోషము గాదు. మొదట నివియే యూతకోలలు. దోషము వేఱొకటి. సర్వమును దాచినచో నుత్కంఠ పుట్టునను భ్రమ.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన సంభాషణములలో నీ విషయమును విశదముగ వివరించెను. బల్లక్రింద బాంబున్నదని ప్రేక్షకు నకు ముందే తెలిసినచో, బల్లచుట్టు గూర్చున్నవారి యల్పసంభాషణము గూడ భయంకరమగును; తెలియనిచో నది క్షణకాలపు టదరుపాటు మాత్రమే. ఉత్కంఠకు మూలము జ్ఞానము, అజ్ఞానము గాదు. మఱి దాచవలసిన ట్రైలరున నేమి తెలుపవలెను? 1960 నాటి 'సైకో' చిత్రమునకు హిచ్‌కాక్ తానే మార్గదర్శియై, ప్రేక్షకులను హత్యాస్థలములన్నింట ద్రిప్పుచు, సగము చెప్పి సగము మ్రింగుచు నొక ట్రైలరును నిర్మించెను. చివర స్నానశాల తెర తొలగింపగా గేకవేసిన స్త్రీ యా చిత్రమున నచ్చట హతురాలగు పాత్రను ధరించిన జానెట్ లీ గాదు, వెరా మైల్స్. స్థలమును జెప్పి మనిషిని దాచినాడు. తెలుగున వంశీ 'అన్వేషణ' (1985) యందు హత్యలు పులి చేసినవను తలపు ముందుగ గల్పించి, పిదప మనుష్యునివైపు దృష్టి మరల్చుటయు నీ మార్గమునకు జేరినదే.

ఇక ఖరగ్‌పూరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు, విశేషించి యుత్తరాంధ్రమువారు, ఇచ్చట దరతరములుగ నున్నారు. ఆ కుటుంబములకు జెందిన విద్యార్థి యొకడు సెల్‌ఫోనుతో రెండు నిమిషముల ట్రైలరు తీయబూనెననుకొందము. కథ యొక బాలుని యపహరణము. చీకటి నడవకై యతడు పాడుపడిన బంగళాను వెదుకనేల? ఈ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూరు 1366 మీటర్లతోను, 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతోను దీనిని మించినవి. కీర్తి పోయినదేగాని పొడవు పోలేదు. ఈ కొననుండి యాకొనకు మనిషి నడచుటకు సుమారు పదుమూడు నిమిషములు పట్టును. మిట్టమధ్యాహ్నమున, జనసమ్మర్దమున, దూరమునుండి యొక వ్యక్తి వచ్చుచున్నాడు. మూడుమార్లు చూపుదురు, మూడుమార్లును గొంత చేరువైనాడు, అంతియే. ఇరుకునుండి పుట్టవలసిన భయ మిచ్చట విశాలతనుండి పుట్టినది. సమయమును వికసింపజేయుట యన నిది. కొత్త సంకేతమును గల్పించుట గాదు.

ఇంతకంటె ముఖ్యమైనది ధ్వని. స్టేషనున బ్రకటనలు బంగ్లా, హిందీ, ఆంగ్లభాషలలో వినవచ్చును. ఆ మూడింటి నడుమ, తల్లి చేయి విడిచి నిలిచిన బాలుని వెనుక, ఫోనులో నొక కంఠము మెల్లగ, "ఆ గుంటడు బండెక్కకుండా సూడు" అనును. చుట్టునున్న బాటసారులకు దెలియదు. దూరముగ నున్న తల్లికి వినబడదు. తెలుగు ప్రేక్షకునకు మాత్రము బల్లక్రింది బాంబు కనబడినది. ఇంకొకటి గమనింపదగును. 'గుంటడు' అను మాటయు, 'సూడు' అను నుచ్చారణమును ఆ మనిషి యెచ్చటివాడో చెప్పివేయుచున్నవి. ఆగంతుకు డాగంతుకుడు గాడు, మనవాడే. పరదేశమున మాతృభాష చెవిని బడినచో బ్రాణము లేచివచ్చునందుము. ఇచ్చట నదియే గుండె నాపుచున్నది. ఈ ట్రైలరును గూడ నింగ్లీషులో నడిపినచో నీ యర్థము పోవును. మా విద్యార్థులు పెక్కురు థ్రిల్లరునకు దెలుగు చాలదనుకొందురు. ఆ యభిప్రాయము నాకు సమ్మతము గాదు.

అయినచో నా వాక్యము క్రింద బంగ్లా యక్షరముల ననువాద మీయవలెనా? నేనైతే నీయను. ఈయనిచో బంగ్లా ప్రేక్షకుడు బాటసారుల స్థితిలో నుండును; తెలుగు ప్రేక్షకుడు సాక్షి యగును. ఒకే ట్రైలరు రెండు ట్రైలరులగును. పేరు మాత్రము తెలుగులిపిలో నుండుట యుక్తము. 2020 డిసెంబరులో బశ్చిమబంగ ప్రభుత్వము తెలుగునకు నధికారభాషాప్రతిపత్తి నొసగ నిశ్చయించినది. కాని మాటలాడ నేర్చియు జదువనేరని పిల్లలకు దెరపై నా యక్షరములు గనబడుట యింకను నరుదు. పేరును జదువలేని నటుడు పక్కవానిని "ఏమని వ్రాసినా రన్నా?" యని యడిగినచో నాప్రశ్ననే ట్రైలరు చివర నుంచవచ్చును.

ప్లాట్‌ఫారముపై జిత్రీకరణమునకు రైల్వేవారి యనుమతి ముందుగా బొందవలెను. ప్రకటనల ధ్వనిని వేఱుగ గ్రహించి, సంభాషణపై దరువాత గలుపుట మేలు. ఆ వాక్యము ప్రకటన నడుమనే యుండవలెను, పిదప గాదు. ప్రకటన ముగిసిన పిదప నందఱును విందురు.