రంగు ముందు, మాట తర్వాత

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించాను. కొత్తగా బడిలో చేరుతున్న టీచర్లకు, ఇంద్రధనుస్సు పాఠంలో నాకు తెలిసివచ్చినవి చెబుతాను.

1. ఏడు రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు గుచ్చిన ‘విబ్జియార్’తో మొదలుపెట్టకండి. మా పిల్లలు దాన్ని గడగడా అప్పజెప్పేవారు. వయొలెట్ ఏదర్రా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. వంకాయ తెచ్చి చేతికిచ్చాక ఆ మాట మళ్లీ మరచిపోలేదు.

2. ‘పచ్చ’ దగ్గర కాస్త ఆగండి. రెండో తరగతి పాప ఒకతి పసుపుకొమ్మును చూసి ‘గ్రీన్’ అంది. తప్పన్నాను. “పచ్చగానే ఉంది కదా టీచర్!” అంది. నిజమే. మనకు గడ్డీ పచ్చే, పసుపూ పచ్చే. కామెర్లు కూడా పచ్చకామెర్లే. అప్పటినుంచి తమలపాకునూ పసుపుకొమ్మునూ పక్కపక్కన పెట్టి, ఆకుపచ్చ గ్రీన్, పసుపుపచ్చ యెల్లో అని చెబుతూ వచ్చాను.

3. రోజుకు రెండు రంగులు చాలు. ఇండిగోను చివరికి ఉంచండి. బ్లూకీ దానికీ తేడా పెద్దవాళ్లకే సరిగా అందదు. న్యూటన్ కూడా మొదట ఐదు రంగులే లెక్కపెట్టి, సప్తస్వరాలతో పోల్చుకుని ఆరెంజ్, ఇండిగో చేర్చాడు. నీలిమందు మన దేశం నుంచి వెళ్లిన సరుకనీ, ‘ఇండిగో’ పేరులోనే ఇండియా ఉందనీ చెప్పండి. పిల్లలకు ఆ మాట సొంతమవుతుంది.

4. హరివిల్లును గదిలోకి తెండి. ఎండ పడేచోట పళ్లెంలో నీళ్లు పోసి, చిన్న అద్దాన్ని ఏటవాలుగా ముంచి, వెలుగును తెల్లగోడ మీదికి తిప్పండి. అద్దంలోకి మాత్రం చూడనివ్వకండి. గోడమీద రంగుల్ని వేలితో తాకుతూ పిల్లలే పేర్లు చెబుతారు.

5. బడి వదిలే వేళకు వాన వెలిసి ఎండ కాస్తే, పుస్తకం మూసి బయటికి నడవండి. సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పుకు తిరగమనండి. పై అంచున రెడ్, లోపలి అంచున వయొలెట్. ఆ రోజు నేర్చిన వరస చెరగదు.

6. రెడ్, గ్రీన్ తరచూ తారుమారు చేసే పిల్లవాణ్ణి కోప్పడకండి. అలాంటి ఒకణ్ణి నేను ఏడాది పొడవునా మందలించాను. వాడి కంటికి ఆ రెండూ ఒకేలా ఆనుతాయని తర్వాత కంటి డాక్టరు చెప్పారు. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు. మగపిల్లల్లో ఈ చూపు లోపం ఎక్కువ. బిడ్డకు కనిపిస్తున్నది ఏమిటో ముందు అడిగి తెలుసుకోండి. ఇంగ్లీషు పేరు ఆ తర్వాత చెప్పొచ్చు.