మందు మార్చమంటారా, డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మా ఆయన మగ్గం నేస్తారు, నేను కండెలు చుడతాను. ఆరేళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా పరగడుపున 240 కిందికి దిగడం లేదు. రాత్రి నిద్ర ఉండదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఒక్కోరోజు మాత్ర వేసుకోబుద్ధీ కాదు. మందు మార్చమంటారా?
– ఒక సోదరి, ఎమ్మిగనూరు

జవాబు: అమ్మా, మీరు మాత్ర గురించి అడిగారు. నా కళ్లు మాత్రం దాని ముందు రాసిన మూడు మాటల దగ్గరే ఆగిపోయాయి. వేసుకోని మాత్రను మార్చి ఏం లాభం? ముందు హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. నీరసం, దిగులు దానివల్ల కూడా రావచ్చు.

ఆ ఫలితాలు ఎలా ఉన్నా మనసు సంగతి వదిలేయకండి. షుగరున్న వాళ్లలో దిగులు జబ్బు మిగతావాళ్లలో కన్నా ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. నిద్ర లేకపోతే, దిగులు ముదిరితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి షుగరును పైకి తోస్తుంది. షుగరు పెరిగిందని మళ్లీ దిగులు.

దీనికి మాటల చికిత్స ఉంది. ఊరికే ధైర్యం చెప్పి పంపడం కాదది. మాత్ర ఎగ్గొట్టిన రోజును చికిత్స చేసేవారు మీతో కలిసి విప్పి చూస్తారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, కండెలు అందించి, మీరు తినేసరికి పదకొండు అయిందనుకోండి. తినకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ఆ భయంతో మానేసి, ఆనక ‘నేను చేతకానిదాన్ని’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. ఆ మాట నిజమేనా అని మిమ్మల్నే ప్రశ్నించుకోమంటారు. వారానికి ఒక్క చిన్న మార్పు ఒప్పుకోమంటారు, ముందు మీరు తిని తర్వాత వడ్డించడం లాంటిది.

విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్కుల్లో షుగరూ దిగులూ రెండూ ఉన్న 404 మందితో చేసిన పరిశోధన 2020లో వెలువడింది. కొందరికి మామూలు వైద్యం చేశారు, కొందరికి దానితోపాటు తరచూ మాట్లాడి వెన్నంటి ఉండే మనిషిని ఇచ్చారు. రెండేళ్లకు దిగులు సగానికి తగ్గి, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఒక్కటైనా బాగుపడినవారు మొదటి గుంపులో 57 శాతం, రెండో గుంపులో సుమారు 72 శాతం.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, వెళ్లండి. అక్కడికి వెళ్తే పిచ్చివాళ్లంటారని వెనకాడకండి, తల్లీ.

ప్రశ్న: ఉగ్గాని తినొచ్చా?
– ఆదోని

జవాబు: అప్పుడప్పుడు, చిన్న గిన్నెడు. బొరుగులు షుగరును తొందరగా పెంచుతాయి. దాంతో బజ్జీ వద్దు.

ప్రశ్న: నా భార్యకు ఇన్సులిన్ రాశారు. ఫోన్‌లో వీడియో చూసి, కిడ్నీలు పోతాయని మానేసి, ఆకు కషాయం తాగుతోంది. ఎప్పుడూ ఏడుపే. ఈమె జబ్బుకు ఇప్పటికే ఎంతో దండగైంది. మీరే బుద్ధి చెప్పండి.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ముందు ఆ వీడియో సంగతి. కిడ్నీలను పాడుచేసేది ఇన్సులిన్ కాదు, అదుపు తప్పిన షుగరు. ఇన్సులిన్ మొదలుపెట్టారంటే చావు దగ్గరపడినట్టూ కాదు. కషాయాన్ని నమ్మి సూది మానేసి, వాంతులతో, ఆయాసంతో స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు. ఆ వీడియో పెట్టినవాడు ఆ రాత్రి మీ ఇంటికి రాడు. రేపే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది మళ్లీ మొదలుపెట్టించండి.

ఇక మీ సంగతి. ‘దండగ’ అన్న మాట నాకు రాశారు, ఆమె ముందు అనకుండా ఉంటారా? ఇంట్లో తాను బరువైపోయానని రోజూ వినే మనిషి, ఖర్చు లేని కషాయం దొరికితే పట్టుకోదా? బుద్ధి చెప్పాల్సింది ఆమెకు కాదు. నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చొని, ఏడుపు ఎందుకో అడిగి, అడ్డుపడకుండా వినండి.

బతకాలని లేదని ఆమె ఎప్పుడన్నా అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీమానస్ 14416కి పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు ఆమె ఫోన్‌లో ఇవాళే ఎక్కించండి.