పాత కారు మొరాయిస్తోందా? మూడు రాష్ట్రాల మూలలో మరో బండి కొనడం ఎలా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే రోడ్డు మీది ఊళ్లు. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి ఈ మూడింటినీ కలుపుకుంటూ, మధ్యలో పలమనేరు, వి.కోట దాటి, తమిళనాడులోని కృష్ణగిరి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడున్నా కర్ణాటక పెద్ద దూరం కాదు. అందుకే కారు మార్చాలనుకున్న వాళ్లకు చుట్టాల నుంచి టీ అంగడి దాకా అందరూ చెప్పే మాట ఒకటే: "బెంగళూరుకు పోయి తెచ్చుకో, చవక."

చవకే. కానీ బెంగళూరులో బేరం కుదిరిన ధర ఒకటి, అదే బండి మన పేరు మీద, మన నంబరుతో ఇంటి ముందు నిలిచేసరికి అయ్యే ధర ఇంకొకటి. ఆ రెండో ధరను అడ్వాన్సు ఇవ్వకముందే లెక్కగట్టగలిగితే సగం మోసాలు వాటంతటవే తప్పుతాయి. మొదటిసారి సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్ల కోసం ఆ లెక్క ఇది, వరుసగా.

1. ముందు జబ్బేదో తేల్చుకోండి

బండి రెండుసార్లు దారిలో ఆగగానే అమ్మేయాలనిపిస్తుంది. ఆగండి. బ్యాటరీ పోవడం, ఎలుకలు వైర్లు కొరకడం, ఫ్యూయల్ పంపు మొండికేయడం విసుగు పుట్టించేవే కానీ బండి ఆయుష్షు తీరిందని చెప్పేవి కావు.

సైలెన్సర్ పొగను చూడండి. నీలంగా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర నుంచి వెతకాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇది ఖర్చుతో కూడిన పని.

ఘాట్ ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోవడం మన ప్రాంతంలో మామూలు ఫిర్యాదు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటే చాలాసార్లు దీనికి మూలం. ఉప్పు నీళ్లు లోపల పొర కట్టి దారులు మూసేస్తాయి. రేడియేటర్ శుభ్రం చేయించి, సరైన కూలెంట్ పోసి, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు చూపించాక కూడా వేడెక్కుతుంటే అప్పుడు పెద్ద రోగం గురించి ఆలోచించండి. ఇంజన్ కాగి ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత తీయొద్దు. ఆవిరి మొహాన కొడుతుంది.

షెడ్డులో నోటిమాటగా కాకుండా, విడిభాగాలకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. పెద్ద పని అయితే రెండో షెడ్డులో కూడా అడగండి.

2. బాగు చేయించాలా, మార్చాలా?

ఉదాహరణకు మీ కారును ఇప్పుడున్నట్టే అమ్మితే 1.20 లక్షలు వస్తుందనుకుందాం. రిపేరుకు 60 వేలు. చేయించాక మరో మూడేళ్లు నమ్మకంగా తిరుగుతుందంటే ఏడాదికి 20 వేలు పడినట్టు. మార్చాలంటే 4 లక్షల బండికి చేతి నుంచి 2.80 లక్షలు, అప్పయితే వడ్డీ, పైగా పేరు మార్పు, ఇన్సూరెన్సు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. చాలా ఇళ్లలో రిపేరే గెలుస్తుంది.

మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి: చాసిస్‌కు తుప్పు పట్టడం, ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్ కూడా పోవడం, రిపేరు ఖర్చు బండి విలువను మించడం. బండి వయసునూ లెక్కలోకి తీసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. పదమూడు, పద్నాలుగేళ్ల బండి కొనేవాళ్లు దీన్ని ధరలో కలుపుకోవాలి.

3. మీ తిరుగుడు ఎంతో రాసుకోండి

బండి చూడ్డానికి పోయే ముందు నెలకు ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, ఏ దారులు అన్నది రాసుకోండి. టమాటా తోటల మట్టిదారుల్లో తిరిగేవాళ్లకు గ్రౌండ్ క్లియరెన్స్ కావాలి. వారానికోసారి తిరుపతికో బెంగళూరుకో పోయేవాళ్లకు బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు ముందు.

తిరుగుడు తక్కువైతే పెట్రోలే మేలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఇంటి నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇంటికి మాత్రమే తిరిగితే అది పూడుకుపోతుంది. పెట్రోలుకూ ఒక మెలిక ఉంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే దానికి ఏ పెట్రోలు పడుతుందో కంపెనీ పుస్తకంలో చూసి, ఇంధనం వెళ్లే రబ్బరు పైపులు చూపించుకోండి.

4. కర్ణాటక బండి అసలు ధర కట్టండి

నంబరు ప్లేటు చాలా చెబుతుంది. ఏపీ 03 పాత చిత్తూరు జిల్లా బండి. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే వరసగా ఏపీ 39 వచ్చింది. కేఏ 07 కోలారు, కేఏ 40 చిక్కబళ్లాపూరు, కేఏ 67 చింతామణి. కేఏ 01, 03, 53 బెంగళూరువి. టీఎన్ 24 కృష్ణగిరి, టీఎన్ 70 హోసూరు. కేఏ 07 ఉంటే బండి కోలారులోనే ఉందని కాదు, మొదట అక్కడ నమోదైందని మాత్రమే.

వేరే రాష్ట్రం బండికి మనం కలుపుకోవాల్సినవి నాలుగు: అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, కొత్త నంబరు ఖర్చు, తిరుగుళ్ల ఖర్చు. లైఫ్ ట్యాక్సు బండి మొదటి ధరను, వయసును బట్టి ఉంటుంది. మీరు ఎంతకు కొన్నారన్నది దానికి పట్టదు. అందుకే ఖరీదైన కారు చవకగా దొరికినప్పుడు పన్ను గట్టిగా తగులుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీ కాపీతో మన ఆర్టీవో ఆఫీసులో ఎంతవుతుందో అడగండి.

ఒక లెక్క వేద్దాం. అదే మోడల్ మదనపల్లెలో 4.60 లక్షలు, బెంగళూరులో 4 లక్షలు చెబుతున్నారు. పన్ను, ఎన్‌ఓసీ, ఏజెంటు, తిరుగుళ్లు కలిపి 55 వేలు తేలితే మిగిలేది ఐదు వేలు. దానికోసం రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలా అన్నది మీ ఓపికను బట్టి. తేడా లక్ష దాటితే తిరగొచ్చు.

"కర్ణాటక నంబరుతోనే నడుపుకో, పన్నెండు నెలలు ఎవరూ అడగరు" అనే సలహా ఒకటి వినిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లోని పన్నెండు నెలలు నంబరు మార్పుకు సంబంధించిన గడువు. పన్ను వసూలు రాష్ట్ర చట్టం కిందిది, దాని దారి దానిదే. ఇక బండి రాష్ట్రం దాటినందుకు కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు. ఇక్కడ పన్ను కట్టిన రుజువు చూపాలి. ఆ డబ్బు అమ్మినవారికా, కొన్నవారికా అన్నది బేరంలోనే తేల్చి రాసుకోండి.

ఢిల్లీ, హర్యానా నంబర్ల బండ్లు నమ్మలేనంత తక్కువకు కనబడితే కారణం తెలుసుకోండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లపై 2015లో హరిత ట్రైబ్యునల్ ఆంక్షలు పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆ ఆంక్షలతో అక్కడ చెల్లకుండా పోయిన బండ్లు మిగతా రాష్ట్రాల దారి పట్టాయి.

5. బండికన్నా ముందు కాగితం

ఫోనులో ఎంపరివాహన్ యాప్ పెట్టుకుని నంబరు కొట్టండి. ఎన్నో ఓనరు, ఏ సంవత్సరం, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, అప్పు ఉందా అన్నవి తెలుస్తాయి. తర్వాత ఈ-చలానా సైటులో బకాయిలు చూడండి. బెంగళూరు బండ్ల మీద చలానాలు కుప్పగా ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడి పోలీసులు సగం తగ్గించి వసూలు చేయాల్సి వచ్చిందంటే బకాయిలు ఏ స్థాయిలో ఉంటాయో తెలుస్తుంది. అవి తీరితేనే ఎన్‌ఓసీ పని కదులుతుంది.

అప్పు తీరిందని నోటితో చెబితే చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 చూపించాలి. ఆర్సీలోని చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీది అంకెలతో మీ కళ్లతో సరిపోల్చండి. సర్వీసు చరిత్ర కోసం కంపెనీ సర్వీసు సెంటరులో అడిగించండి. మీటరు వెనక్కి తిప్పారో లేదో అక్కడే దొరికిపోతుంది.

6. పగటి వెలుతురులో, చల్లటి ఇంజన్‌తో

మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. స్టార్టింగ్ కష్టం, మొదటి పొగ, తెల్లవారుజాము చప్పుళ్లు చల్లటి ఇంజన్‌లోనే బయటపడతాయి.

వరదలో మునిగిన బండి గురించి మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మనం బెంగళూరు, చెన్నైల నడుమ ఉన్నాం. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో చెన్నైలోను, 2022 సెప్టెంబరులో బెంగళూరు తూర్పు ప్రాంతాల్లోను కార్లు నీట మునిగాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తండి. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల తేమ, ఏసీ వేయగానే ముక్క వాసన వెతకండి. ఒక్క గుర్తు గట్టిగా కనబడినా వెనక్కి రండి.

యాక్సిడెంటు బండి అయితే బానెట్ కింది బోల్టుల మీద పానా గీతలు, తలుపుకూ తలుపుకూ రంగులో తేడా, డిక్కీ సందులు వంకరగా ఉండడం కనిపిస్తాయి. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 3221 అంటే 2021లో 32వ వారం తయారైంది. పాతిక వేలే తిరిగిందన్న 2021 బండికి నాలుగు టైర్లూ మారి ఉంటే ఎందుకని అడగాలి.

7. నడిపి చూడండి

సమతలం మీద అన్ని బండ్లూ బాగానే పోతాయి. మదనపల్లె వాళ్లు హార్స్‌లీ హిల్స్ ఘాట్, పలమనేరు వైపు వాళ్లు మొగిలి ఘాట్ ఎక్కించాలి. వేడి ముల్లు, క్లచ్ జారడం, రెండో గేరులో లాగే శక్తి ఎక్కేటప్పుడు తెలుస్తాయి. బ్రేకుల వణుకు, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం దిగేటప్పుడు తెలుస్తాయి. దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగండి.

తర్వాత ఒక మట్టిదారిలో అద్దాలు మూసి, పాటలు ఆపి నడపండి. లోయర్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్ల చప్పుడు అప్పుడే వినబడుతుంది. హెడ్‌లైట్లు చీకట్లో చూడండి. పలమనేరు, కుప్పం నడుమ కౌండిన్య అభయారణ్యం పక్కన రాత్రిపూట ఏనుగులు దాటే చోట మసక లైట్లతో పోకూడదు. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, కూలి మీరే ఇవ్వండి. అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకునే మనిషి మీ మనిషి కాడు.

8. బేరం, డబ్బు

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెట్రోలు కారైతే ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి. అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతో తెలుసుకుని బేరానికి కూర్చోండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చే ఖర్చు చీటీ మీద రాసి ముందు పెట్టండి.

అడ్వాన్సు చిన్నదిగా ఉండాలి. ఎన్‌ఓసీ రాకపోతే తిరిగి ఇవ్వాలని రాతలో ఉండాలి. మిగతా డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.

9. పేరు మార్పు గడువులు

ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవారి సంతకాలు తీసుకోండి. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ తప్పనిసరి. అది మీ చిరునామా ఏ ఆర్టీవో కిందికి వస్తుందో ఆ ఆఫీసు పేరు మీదే ఉండాలి. అమ్మకం సంగతి ఆర్టీవోకు తెలపడానికి అమ్మినవారికి రాష్ట్రంలోనైతే 14 రోజులు, బయటికైతే 45 రోజులు, కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో తెలపాలి. లేదంటే మీ బండికి జరిగే నష్టం మీద క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పాత ఓనరు ఫాస్టాగ్ మూయించి మీ పేరుతో కొత్తది తీసుకోండి.

10. మీ పాత బండిని వదిలించుకునేటప్పుడు

కొనేటప్పుడు చూపిన జాగ్రత్త అమ్మేటప్పుడు చాలామంది చూపరు. పేరు మారేదాకా బండి చేసే ప్రమాదానికి ఆర్సీలో పేరున్న మనిషే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి కన్సల్టెన్సీలో వదిలి రావొద్దు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల వ్యాపారులకు ఆర్టీవో ఇచ్చే అధికార పత్రం ఉండాలి. బండి అప్పగించిన సంగతి ఫారం 29సీ ద్వారా నమోదు చేయించుకోండి. తేదీ, గంటతో డెలివరీ నోటు కూడా రాయించండి. క్లెయిముల్లేని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ మీది, బండిది కాదు. 50 శాతం దాకా ఉండే ఆ తగ్గింపునకు ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర పత్రం తీసుకుని కొత్త బండికి వాడుకోండి.

బండి ఇంటికొచ్చిన వారంలో ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి. పాత ఓనరు ఏం పోశాడో ఊహించే పని ఉండదు. దీనికి, మొదటి ఏడాది చిన్నాచితకా రిపేర్లకు బడ్జెట్‌లో పదో వంతు ముందే పక్కన పెట్టుకోండి. చేతిలో నాలుగు లక్షలుంటే పన్ను, పేరు మార్పు కలుపుకుని 3.60 లక్షల్లో తెమిలే బండినే చూడండి.