క్లెయిమ్ రాయడమూ కొలువే

గోదావరిఖనిలో ఇంజినీరింగ్ పూర్తిచేసిన పిల్లలకు ఇంట్లోవాళ్లు చూపించే దారులు రెండు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే వారసులకు వచ్చే సింగరేణి ఉద్యోగం మొదటిది. అది కుదరకపోతే అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలు. మొదటి దారి ఏటికేడు సన్నబడుతోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎక్కువే వస్తోంది. తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, చేసిన పని యంత్రాలకు, ఓపెన్‌కాస్టులకు మారిపోయింది కాబట్టి ఆ సంఖ్య మళ్లీ లక్షకు చేరుతుందని ఆశపడటానికి ఆధారం లేదు. రెండో దారిలో ఒకే రకం కోర్సు చేసినవాళ్లు వేలల్లో పోటీకి నిలబడతారు. ఈ ప్రాంతం పిల్లలకు ఎవరూ పెద్దగా చెప్పని మూడో దారి పేటెంట్లు చదివి, వెతికి, రాసే పని. ఆ పని చేసేవాళ్లు కొత్తవి కనిపెట్టే మేధావులే కానక్కర్లేదు. ఒక సాంకేతిక విషయాన్ని కుదురుగా అర్థం చేసుకుని, దాని హద్దులు ఎక్కడున్నాయో మాటల్లో గీయగలిగితే చాలు. కంప్యూటర్ చదువుతోపాటు బాయి పని, అంటే బొగ్గు గని పని, ఎలా సాగుతుందో తెలిసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఇందులో ఒక మొగ్గు కూడా ఉంది.

పేటెంటు అంటే ఏమిటో తెలియడానికి రోజూ చేతిలో ఆడే క్యూఆర్ కోడ్ చాలు. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం దాన్ని కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. మామూలు బార్‌కోడ్‌లో పట్టే సమాచారం చాలక ఒక్కో పెట్టె మీద ఎన్నో కోడ్‌లు అతికించాల్సి వచ్చేది. నలుపు తెలుపు గళ్లలో సమాచారం దాచడం తేలికే. అచ్చులో ఉన్న బొమ్మలు, అక్షరాల మధ్య ఆ కోడ్ ఎక్కడుందో యంత్రం క్షణంలో పసిగట్టడమే అసలు చిక్కు. అందుకోసం ఆ బృందం రకరకాల అచ్చు కాగితాలను పరిశీలించి, నలుపు తెలుపుల మధ్య చాలా అరుదుగా కనిపించే నిష్పత్తి ఏదని వెతికింది. 1:1:3:1:1 అని తేలింది. మూడు మూలల్లో కనిపించే చదరాలు ఆ నిష్పత్తిలోనే ఉంటాయి. వాటి మధ్యగా ఏ దిక్కు నుంచి గీత గీసినా అదే నిష్పత్తి వస్తుంది. అమెరికాలో 1998లో ఈ కోడ్‌కు పేటెంటు వచ్చింది. కాగితం మీద గళ్లు అచ్చువేయడం ఎవరి సొత్తూ కాదు. గళ్లను ఫలానా గుర్తులతో అమర్చి, యంత్రం వాటిని ఫలానా తీరులో పట్టుకోవడం మాత్రమే అప్పట్లో ఆ సంస్థ సొత్తు అయింది. ఆ ఫలానాను కచ్చితంగా చెప్పే వాక్యాన్నే పేటెంటు భాషలో క్లెయిమ్ అంటారు. ఒక్క షరతు ఎక్కువ రాస్తే పోటీదారు దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతాడు, ఒక్కటి తక్కువ రాస్తే పాత ఆవిష్కరణ అడ్డొచ్చి దరఖాస్తు పోతుంది.

కాగితం మీది గుర్తు సగం కథే, మిగతా సగం సర్వర్‌లో ఉంటుంది. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే క్యూఆర్ కోడ్‌ను తీసుకోండి. అచ్చయిన కోడ్ మారదు, దీక్షా వేదిక మీద దానికి జతచేసిన వీడియోను మాత్రం ఎప్పుడైనా మార్చవచ్చు. అంటే ఆ కోడ్ ఒక చిరునామా మాత్రమే. ఆధార్ ఉత్తరం మీది సెక్యూర్ క్యూఆర్ కోడ్ తీరు వేరు. వివరాలు, ఫొటో, డిజిటల్ సంతకం దాంట్లోనే ఉంటాయి కనుక ఇంటర్నెట్ లేని చోటా సరిచూడవచ్చు. సమాచారాన్ని కాగితంలోనే ఉంచాలా, సర్వర్‌లో పెట్టి కాగితంలో చిరునామా ఇవ్వాలా అన్న ఎంపిక నుంచే ఈ రంగంలోని పేటెంట్లు చాలా పుట్టుకొచ్చాయి. సర్వర్ల మధ్య సమాచారం ఒకటిగా ఉంచడం, అంటే సింక్ చేయడం, ఇంకో పెద్ద చిక్కు. దీనిలో పేరున్న ఆర్‌సింక్ పద్ధతిని 1996లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకెరాస్ బయటపెట్టారు. ఫైలు మొత్తం పంపకుండా మారిన ముక్కలనే గుర్తించి పంపడం దాని కిటుకు. దాన్ని వాళ్లు అందరికీ తెరిచి ఇచ్చారు. అలా బహిరంగమైనది పేటెంటు ఆఫీసు దృష్టిలో ప్రయర్ ఆర్ట్, అంటే అప్పటికే లోకానికి తెలిసిన విద్య. ఆ తర్వాత సింక్ మీద దరఖాస్తు పెట్టేవాళ్లు ఆర్‌సింక్‌కు మించి తామేం చేశారో నిరూపించుకోవాలి. ఆ తేడా ఉందా లేదా అని వెతికిపెట్టడం ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకు తొలి ఉద్యోగం.

ఇప్పుడు దీన్ని బాయి దగ్గరకు తెద్దాం. భూగర్భ గనిలో మామూలు మొబైల్ సిగ్నల్ అందదు. మీథేన్ ఉన్న చోట నిప్పురవ్వ పుట్టించని, గనుల భద్రతా విభాగం అనుమతి పొందిన పరికరాలే లోపలికి వెళ్లాలి. ఓవర్‌మెన్, సర్దార్ల తనిఖీ నివేదికలు పేజీ నంబర్లు వేసిన బైండు పుస్తకాల్లో రాయడం గనుల్లో నిలిచిన సంప్రదాయం. పేటెంటు కళ్లతో చూస్తే ఇక్కడ ఎన్ని సమస్యలున్నాయో గమనించండి. పుస్తకం పేజీ మీద యంత్రం చదవగల గుర్తు ఉంటే పైకొచ్చాక ఆ పేజీ గనిలోని ఏ డిస్ట్రిక్టుదో, అంటే ఏ భాగానిదో, ఏ షిఫ్టుదో సర్వర్‌కు తెలుస్తుంది. క్యూఆర్ కోడ్‌లో అత్యధిక స్థాయి దోష సవరణ పెట్టుకుంటే సుమారు 30 శాతం పాడైనా చదవవచ్చు. మరి బొగ్గు మసి మచ్చల్లా కాకుండా పొరలా పరుచుకుని తెలుపునే చంపేస్తే ఏం చేయాలి? ఇంకా గట్టి సమస్య సింక్‌లో ఉంది. లోపలి పరికరం ఎనిమిది గంటలు సర్వర్‌తో తెగిపోయి ఉంటుంది. ఆ మధ్యలో పైన ఆఫీసులో అదే పని ప్రదేశం వివరాన్ని ఇంకొకరు మార్చారనుకుందాం. రెండూ కలిసినప్పుడు ఎవరి మాట చెల్లాలి? చివర రాసిందే నిజమని చాలా సాఫ్ట్‌వేర్లు తేల్చేస్తాయి. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మి ముందువెనుకలు తేల్చలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాశాడు. గ్యాస్ కొలతల విషయంలోనైతే చివరిది చెల్లడం ప్రమాదం కూడా. తక్కువ చూపిన కొత్త రీడింగ్ ఎక్కువ చూపిన పాత రీడింగ్‌ను చెరిపేయకూడదు, ప్రమాదాన్ని ఎక్కువగా చూపేదే నిలవాలి, దాన్ని తీసేయాలంటే మనిషి సంతకం ఉండాలి. ఈ నియమాన్ని ఒక పద్ధతిగా, పరికరంగా రాయగలిగితే అది పేటెంటు దరఖాస్తుకు ముడిసరుకు. మాదాపూర్‌లో కూర్చున్న ఇంజినీరుకు సింక్ గురించి మీకంటే ఎక్కువే తెలియవచ్చు. షిఫ్టు మారే వేళ ల్యాంప్ రూమ్ దగ్గర ఏం జరుగుతుందో మాత్రం అతనికి తెలియదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లెవరైనా వెంటనే లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది: మన దేశంలో సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు ఇవ్వరు కదా! పేటెంట్ల చట్టం 1970లోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ మాత్రమే అయినది ఆవిష్కరణ కాదు. ఆ 'కేవలం' దగ్గరే వాదమంతా జరుగుతుంది. ట్యునీసియాకు చెందిన ఫెరీద్ అల్లాని వెబ్‌లోని సమాచార వనరులను అందుకునే పద్ధతి, పరికరం మీద 2002లో ఇక్కడ దరఖాస్తు చేశాడు. పేటెంటు ఆఫీసు తిరస్కరించింది, అప్పీలు బోర్డూ కాదంది. 2019 డిసెంబరు 12న ఢిల్లీ హైకోర్టు దాన్ని మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద ఆధారపడిన ఆవిష్కరణైనా సాంకేతిక ప్రభావం చూపిస్తే పేటెంటుకు అర్హత ఉంటుందన్నది ఆ తీర్పు సారం. ఆ ప్రభావాన్ని చూపించేది దరఖాస్తులోని రాతే. పై ఉదాహరణలో గ్యాస్ రీడింగుల నియమాన్ని లెక్కగా రాస్తే తిరస్కరణ దాదాపు ఖాయం. సిగ్నల్ లేని చోట పనిచేసే పరికరం, గ్యాస్ పెరిగినందుకు నిలిపేసిన విద్యుత్ సరఫరాను అది తప్పుడు సమాచారంతో మళ్లీ కలపకుండా ఆపే తీరు అంటూ రాస్తే వాదించడానికి నేల దొరుకుతుంది. అయితే అల్లాని కేసును విజయగాథగా మాత్రమే చెప్పడం సరికాదు. పేటెంటు దారి తెరుచుకునేసరికి 2020 వచ్చింది, ఇరవై ఏళ్ల రక్షణ కాలంలో చాలా భాగం కరిగిపోయింది.

అసలు కనిపెట్టినవాళ్లకైనా డబ్బు వస్తుందా అన్నది రెండో అనుమానం. బార్‌కోడ్‌కు నార్మన్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్ 1949లో దరఖాస్తు చేసి 1952లో పేటెంటు పొందారు. తర్వాత దాన్ని 15 వేల డాలర్లకు అమ్మేశారు. పేటెంటు గడువు 1969లో తీరిపోయింది. దుకాణంలో తొలి బార్‌కోడ్ స్కాన్ జరిగింది 1974 జూన్ 26న, ఒహాయోలోని ట్రాయ్ పట్టణంలో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద! 2000లో డల్లాస్‌కు చెందిన ఒక సంస్థ పత్రికల్లోని బార్‌కోడ్‌లను చదివి వెబ్ పేజీ తెరిచే క్యూక్యాట్ అనే స్కానర్‌ను లక్షల సంఖ్యలో ఉచితంగా పంచి ఏడాది తిరిగేసరికి చేతులెత్తేసింది. తీగతో కంప్యూటర్‌కు కట్టేసి ఉండే స్కానర్ దగ్గర కూర్చుని పత్రిక చదివేదెవరు? డెన్సో అనుబంధ సంస్థ డెన్సో వేవ్ అయితే ప్రామాణిక క్యూఆర్ కోడ్ మీద తన హక్కును వాడబోనని చెప్పడంవల్లే అది ప్రపంచమంతా పాకింది. వీటన్నిటినీ బట్టి నా అంచనా ఇది: ఆవిష్కర్తకు పేటెంటు లాటరీలాంటిది, ఆ దరఖాస్తును వెతికి, రాసి, వాదించి, పరీక్షించేవాళ్లకు మాత్రం జీతం. సలహా ఇవ్వాల్సి వస్తే పెళ్లీడుకొచ్చిన చెల్లెలున్న అన్నకు నేను రెండోదే చెబుతాను.

ఆ జీతాలు ఎక్కడున్నాయి? 2023-24లో మన దేశంలో పేటెంటు దరఖాస్తులు 92 వేలు దాటాయి. ప్రభుత్వం వైపు ఎగ్జామినర్ ఆఫ్ పేటెంట్స్ అండ్ డిజైన్స్ గ్రూప్-ఎ ఉద్యోగం. 2023లో ఒకే నోటిఫికేషన్‌లో 553 పోస్టులు వచ్చాయి. ప్రైవేటు వైపు పేటెంట్ ఏజెంటు. భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే అర్హత పరీక్ష రాయవచ్చు, లా డిగ్రీ అక్కర్లేదు. వందేసి మార్కులకు రెండు పేపర్లు, 50 మార్కుల మౌఖిక పరీక్ష; ఒక్కో పేపర్లో సగం, మొత్తం మీద 60 శాతం రావాలి. చట్టం చదివితే మొదటి పేపర్ గట్టెక్కవచ్చు, క్లెయిమ్‌లు రాయించే రెండో పేపర్‌కు రాసి రాసి చేయి తిరగాల్సిందే. ఈ పరీక్ష ఏటా జరగదు. 2018 తర్వాత మళ్లీ 2023లోనే పెట్టారు. అందుకే దీని కోసమే ఖాళీగా కూర్చోవడం తప్పు. హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లోని సంస్థల్లో పేటెంట్ సెర్చ్ పనిలో చేరి పరీక్షకు సిద్ధపడటం మేలు. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ మంథని కాలేజీలో మైనింగ్, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఒకే ఆవరణలో ఉంటారు. ఇద్దరూ కలిసి వారానికో పేటెంటు చదివితే ఒకరికి తెలియనిది ఇంకొకరు పూరిస్తారు. పేటెంట్లు గూగుల్ పేటెంట్స్‌లో, మన పేటెంటు ఆఫీసు వారి సెర్చ్‌లో ఉచితమే. ప్రపంచ మేధాసంపత్తి సంస్థ డీఎల్-101 కోర్సూ ఉచితమే. ఆ తర్వాత నల్సార్ దూరవిద్యలో పేటెంట్ లా డిప్లొమా చేయవచ్చు.

ఇంగ్లిష్ రాదన్న భయం చాలామందిది. పేటెంటు ఇంగ్లిష్‌లో సొగసులు అక్కర్లేదు. ఒకే రకం వాక్యాలు, ఒకే రకం పదాలు వందలసార్లు తిరిగివస్తాయి, తెలుగు మీడియం పిల్లలకు నవల కంటే ఇదే తేలిక. కృత్రిమ మేధ ఈ పనిని మింగేస్తుందా అంటే, కొంత మింగుతుంది. పాత పత్రాల జాబితా తీసివ్వడం మాత్రమే వచ్చినవాళ్లకు గడ్డుకాలమే. ఆ జాబితాలోని మూడో పత్రం మన క్లెయిమ్‌ను నిజంగా దెబ్బతీస్తుందా అని తేల్చి, సంతకం పెట్టి, తప్పయితే జవాబు చెప్పే మనిషి అవసరం మాత్రం ఉంటుంది. ఇక డిప్లొమా చదివినవాళ్లు ఒక విషయం గమనించాలి. ఏజెంటు పరీక్షకు డిగ్రీ తప్పనిసరి కాబట్టి పాలిటెక్నిక్ తర్వాత లేటరల్ ఎంట్రీలో బీటెక్ పూర్తిచేశాకే ఈ దారి.

ఆఖరి ఏడాది ప్రాజెక్టులో నిజంగానే కొత్తదేమైనా దొరికిందనుకుంటే కాలేజీ ఫెస్టులో పెట్టడానికి, యూట్యూబ్‌లో ఎక్కించడానికి ముందే దరఖాస్తు చేయాలి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలకు మినహాయింపు ఉంది కానీ ఫెస్టులు ఆ కోవలోకి రావు. మీ సొంత వీడియోనే మీకు ప్రయర్ ఆర్ట్ అవుతుంది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని కోరడానికి ఇంకో 4,000. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తాయి. తొందరలో ఉంటే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ వేసి తేదీ కట్టుకోవచ్చు. పూర్తి స్పెసిఫికేషన్‌కు అక్కడి నుంచి 12 నెలల గడువు. అది దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క కడతారు.