మరుపు ఖరీదెంత?

ఎలక్ట్రికల్ లైన్లో పనిచేసి రిటైరయ్యానని, ఇల్లు కట్టుకునే పిల్లలు నా దగ్గరికొస్తుంటారు. "బాబాయ్ గారూ, ఇల్లంతా స్మార్ట్ చేయించమంటారా?" అంటారు. నేను చెప్పేవి ఇవి.

1. ముందు మేడ మీది ట్యాంకు చూడండి. ఏది మరిచిపోతే ఎక్కువ నష్టమో అక్కడ పెట్టిన డబ్బే తిరిగొస్తుంది. మోటారు వేసి మరిచిపోతే నీళ్లు పక్కింటి గోడ మీద పడి మాట వస్తుంది. బోరులో నీళ్లు దిగిపోయాక కూడా తిరిగితే ఇంకా ప్రమాదం: సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. అది కాలితే పైపులన్నీ పైకి లాగించి, వైండింగ్ చేయించి, మళ్లీ దించాలి. ఆ ఖర్చు ముందు లెవెల్ కంట్రోలర్ ధర ఏపాటి? డ్రై రన్ రక్షణ ఉన్నదే తీసుకోండి. బోరు నీళ్ల ఉప్పు సెన్సార్ల మీద తెల్లగా పేరుకుంటుంది, ట్యాంకు కడిగినప్పుడు వాటినీ తుడవాలి.

2. బల్బుల దగ్గర లెక్క వేరు. 9 వాట్ల ఎల్ఈడీ ఊరికే 111 గంటలు వెలిగితే గానీ ఒక యూనిట్ కాలదు. వైఫై బల్బు ఆర్పినా ఫోను పిలుపు కోసం మేలుకునే ఉంటుంది. అందుకు అర వాటు తీసుకున్నా రోజుకు 12 వాట్-అవర్లు, అంటే మామూలు బల్బు గంటసేపు మరిచిపోయినదానికన్నా ఎక్కువ! బిల్లు తగ్గాలంటే ఫ్యాన్లు మార్చండి. పాతవి 75 వాట్ల దాకా తాగేచోట బీఎల్‌డీసీ ఫ్యాను 30కి అటూ ఇటూగా తిరుగుతుంది.

3. గీజర్‌కి టైమర్ పెట్టించండి. 2 కిలోవాట్లది గంటసేపు పనిచేస్తే 2 యూనిట్లు. స్మార్ట్ ప్లగ్ 16 ఆంపియర్లదే కావాలి.

4. గోడ మీది స్విచ్ ఎప్పటికీ పనిచేయాలి. ఇంటికొచ్చిన చుట్టానికీ పనమ్మాయికీ యాప్ ఇవ్వలేం కదా. స్విచ్ వెనక ఇమిడే స్మార్ట్ మాడ్యూల్ మేలు. దానికోసం ప్లాస్టరింగ్‌కి ముందే ప్రతి బాక్సుకీ న్యూట్రల్ వైరు లాగమనండి, బాక్సులు లోతుగా పెట్టించండి. తర్వాత గోడ పగలగొట్టడం ఎవరికి సరదా?

5. కరెంటు పోయి వచ్చాక పరికరం ఏ స్థితిలో ఉండాలో సెట్టింగ్ ఉంటుంది. దాన్ని వదిలేస్తే తెల్లవారుజామున మూడింటికి పడగ్గది లైట్లన్నీ భళ్లున వెలుగుతాయి.

6. పల్లెల్లో ఈ పని మనకన్నా ముందే జరిగింది. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో, పురుగూ పుట్రా భయంతో చీకట్లో బోరు దగ్గరికి పోలేక రైతులు కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చేసరికి అదే డబ్బా రాత్రింబవళ్లు భూగర్భజలం తోడసాగింది. తీసేయమని ప్రభుత్వమే అడగాల్సి వచ్చింది. అవసరం తీరిపోయిందని యంత్రానికి తెలియదు. మీ టైమర్లను ఏడాదికోసారైనా తిరగేయండి. ఎండాకాలంలోనూ గీజర్ తెల్లారి ఐదింటికే వేడెక్కుతున్న ఇళ్లున్నాయి.

7. కంపెనీ సర్వర్ మీద ఆధారపడే సరుకు జాగ్రత్త. అమెరికాలో స్మార్ట్ ఇళ్ల సరుకులైన రివాల్వ్ హబ్ 2016లో, ఇన్‌స్టియాన్ సర్వర్లు 2022లో ఆగిపోతే కొన్నవాళ్లు తెల్లబోయారు. ఇంట్లోనే నడిచే హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బాగుంటుంది. కాకపోతే దాన్ని చూసుకునే మనిషి ఇంట్లోనే ఉండాలి. డల్లాస్ నుంచి సెలవుల్లో వచ్చిన అల్లుడు బిగించి వెళ్తే, రౌటర్ పాస్‌వర్డ్ మారిన రోజున అత్తగారు ఎవర్ని పిలవాలి?

8. మంచం నుంచి బాత్రూమ్ దాకా మోషన్ సెన్సార్ లైటు. ముసలివాళ్లున్న ఇంట్లో దీనికి లెక్కలు వేయకండి.

9. గ్యాస్ అలారం పెడితే నేలకు దగ్గరగా పెట్టండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. గ్యాస్ లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటదే తిరిగేలా చేస్తామని కొందరంటారు, ఒప్పుకోకండి. ఆ స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేయడం, కిటికీలు తెరవడం చేత్తోనే చేయాలి. బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి.