మందారపు క్రొత్త సంతానము

తెలుగువారి పెరళ్లలో మందారము చిరపరిచితమైన చెట్టు. దేవతార్చనకు దాని పువ్వు కావలెను. తలంటునకు దాని ఆకు కావలెను. పాఠశాలలో పుష్పభాగములను నేర్చుకొనుటకు విద్యార్థుల చేతికి వచ్చునదియు తరచుగా మందారపువ్వే. ఇంతటి పరిచయము గల చెట్టునకు కాయ ఎట్లుండునని అడిగినచో మాత్రము పెక్కుమంది చెప్పజాలరు. ఏడాది పొడుగునను పూచు ఆ చెట్టు తనంతట తాను కాయ కాయుట మిక్కిలి అరుదు.

పెరటి మందారమును తరతరములుగా కొమ్మ నాటియే పెంచుచున్నారు. కొమ్మ నుండి మొలచినది నిజముగా క్రొత్త చెట్టు కాదు. పాత చెట్టులోని తునకయే. అమ్మమ్మ యింటి కొమ్మను మనుమరాలి యింట నాటినను అదే యెరుపు, అదే ఆకారము. కొమ్మ ఉన్నదానిని నిలుపును గాని క్రొత్తదానిని పుట్టింపజాలదు. క్రొత్త పువ్వునకు విత్తనము కావలెను. ఆ విత్తనమును మానవుడు తన చేతితోనే కలిగింపవచ్చును.

1753లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ చెట్టునకు ‘చైనా గులాబి’ అను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవుల తోటల పెంపకందార్లు, తమ దీవులలో సహజముగా పెరుగు మందారజాతులను దీనితో కలిపి ఎన్నో నూతన రకములను పుట్టించిరి. 1923లో ఆ దీవుల శాసనసభ మందారమును తమ అధికార పుష్పముగా ఎన్నుకొనెను.

ఈ పనికి పెద్ద పరికరము లక్కరలేదు. ఒక మెత్తని కుంచె, కొంత దారము, కాగితపు చీట్లు చాలును. ముద్దమందారములో కేసరములు పెక్కు రేకులుగా మారియుండును. కనుక మొదట రేకమందారమును గైకొనుట మేలు. పువ్వు నడుమ పొడవైన కేసరనాళము, దానిపై పసుపు పుప్పొడి, దాని కొనను అయిదు చిన్న గుండ్లవలె కీలాగ్రములు కనబడును. ఉదయమున పువ్వు చక్కగా విచ్చిన పిమ్మట ఒక చెట్టు పుప్పొడిని కుంచెతో తీసి మరియొక చెట్టు పువ్వు కీలాగ్రములకు అంటింపవలెను. మందారపువ్వు సాధారణముగా ఒక్కదినమే నిలుచును, ఆలస్యమునకు తావులేదు. వెంటనే తల్లి పేరు, తండ్రి పేరు, తేది వ్రాసిన చీటిని కాడకు కట్టవలెను. చీటి లేని కాయ వంశము తెలియని కాయయే యగును.

మండువేసవిలో కాయలు నిలువవు. చలికాలము ఈ పనికి అనుకూలము. మరునాటికి పువ్వు వాడి రాలిపోవును. అడుగున పచ్చని అండాశయము రాలక వారము దినములలో ఉబ్బినచో ప్రయత్నము ఫలించినట్లే. ఆరు మొదలు ఎనిమిది వారములలో కాయ ఎండి పగులును. గింజలు చెదరకుండ ముందుగానే పలుచని గుడ్డసంచి తొడుగుట మంచిది. గింజ పైపొర గట్టిది. దానిని గరుకు కాగితముపై కొంచెము రుద్ది, రాత్రియంతయు నీటిలో నానబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటినచో ఒకటి రెండు వారములలో మొలకెత్తును. తొలి పువ్వు కొరకు తొమ్మిది నెలలో, ఏడాదియో, ఒక్కొక్కప్పుడు రెండేండ్లో ఎదురుచూడవలెను.

ఆ పువ్వు ఎట్లుండునో ముందుగా చెప్పుట కష్టము. 1866లో మెండెలు ప్రకటించిన బఠానీ ప్రయోగములలో తల్లిదండ్రులు శుద్ధవంశములవి. అందుచే మొదటి తరమంతయు ఒక్కతీరుననుండెను. తోటమందారములు ఇదివరకే పలుమార్లు కలిసిన వంశములు. ఎరుపు, పసుపు పువ్వుల కలయికతో పుట్టిన ఒకే కాయలోని గింజలలో ఒకటి నారింజ వన్నెతోను, ఒకటి వెలిసిన ఎరుపుతోను పూయవచ్చును. వేరొకదాని పువ్వు తల వ్రేలవేయవచ్చును.

ఇచ్చటనే సాధకునకు అసలు పరీక్ష ఎదురగును. రెండేండ్లు నీరు పోసి పెంచిన మొక్క సామాన్యమైన పువ్వు పూచినపుడు, దానిని సామాన్యమని ఒప్పుకొనుట సులభము కాదు. తన చేతిమీద పుట్టినదను మమకారము కన్నులను కప్పును. మంచి సాధకుడు మొగ్గల సంఖ్యను, కాడ బలమును, చీడను తట్టుకొను శక్తిని ఉన్నదున్నట్లు పుస్తకమున వ్రాసి, మేలైనదానినే నిలుపును. దానిని నిలుపుటకు మరల కొమ్మయో, అంటో శరణ్యము. దాని గింజ నాటినచో ఆ పువ్వు తిరిగి రాదు.

ఇది పెరటి వినోదము మాత్రమే కాదు. బెండ, గోంగూర, పత్తి మందారమునకు చుట్టములు. 1970లో గుజరాతులోని సూరతున సి. టి. పటేలు రూపొందించిన ‘హైబ్రిడ్-4’ లోకమున వాణిజ్యముగా సాగుచేయబడిన తొలి సంకరపత్తి. దాని విత్తనము కొరకును పువ్వుపువ్వునకు చేతితో పుప్పొడి అంటింపవలసినదే. తెలంగాణమున సంకరపత్తి విత్తనము పండించు చేలలో స్త్రీపురుషులు నేటికిని ఈ పని చేయుచున్నారు. ఉదయమున కుంచె పట్టి పెరటి మందారము చెంత నిలిచిన బాలిక వారి విద్యయందే తొలిపాఠము నేర్చుకొనుచున్నది.