ఊరి ఫోన్లు చదివేది మీరే

ఏన్కూరులాంటి మండలం నుంచి ఖమ్మం, కొత్తగూడెం వెళ్లి చదివే పిల్లలకు సెలవుల్లో జీతం లేని ఉద్యోగం ఒకటి సిద్ధంగా ఉంటుంది. పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేతిలో పెట్టి, "సదువుకున్న పిల్లవి గదా, ఇది నిజమేనా జూడు బిడ్డా" అంటుంది. 2020 మార్చిలో కరోనాతో కాలేజీలు మూతపడి హాస్టళ్లు ఖాళీ అయ్యాక ఈ కొలువు చాలామంది మీద పడింది. మీరు తలూపితే చాలు, అది ఊళ్లో నిజమైపోతుంది.

ఆ రోజుల్లో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారును ఆపడానికి, ఆ ఏడాది ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల, తలసాని వేదికెక్కి చికెన్ తినాల్సి వచ్చింది. అది నవ్వుకునే సంగతి. ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో జరిగింది నవ్వులాట కాదు. కరోనా రాదన్న టిక్‌టాక్ వీడియో నమ్మి ఉమ్మెత్త గింజల రసం తాగినవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని మన తాతలందరికీ తెలుసు. తాత మాటను ఫోన్ ఓడించింది.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం సంగతి ఇంకా చిక్కు. 2021 మేలో ఆనందయ్య అనే నాటువైద్యుడి కరోనా మందు కోసం వేలమంది పరుగెత్తారు. కంట్లో చుక్కలు పడగానే ఊపిరి సర్దుకుందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఆయన అబద్ధమాడలేదు, తనకు అనిపించింది చెప్పారు. తర్వాత పరిస్థితి విషమించి ఆస్పత్రిలో చేరారు, నెలాఖరుకు చనిపోయారు. పరిశీలించిన నిపుణులు హాని లేదన్నారు, కరోనాను తగ్గిస్తుందనడానికి రుజువూ లేదన్నారు. చుక్కల మందును ప్రభుత్వం అప్పటికి పక్కన పెట్టింది. మొదటి సగం వినపడ్డంతగా రెండో సగం వినపడలేదని నా అభిప్రాయం.

కాబట్టి వీడియో ఎంత నిజాయతీగా కనిపించినా మూడు అడగండి: ఎప్పటిది? ఎంతమందికి తగ్గింది? వారం తర్వాత ఎలా ఉన్నారు? వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవాడు మీ మామయ్యే కావచ్చు, రాసినవాడెవరో ఆయనకూ తెలీదు. ఫొటో అనుమానంగా ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టండి, పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. "పెద్ద డాక్టరు చెప్పారు" అనే ఆడియోలో పేరూ ఆస్పత్రీ లేకపోతే అక్కడితో ఆపేయండి.

దొరికిన తప్పును ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ ఎండగట్టకండి. పెద్దాయన పరువు పోతే ఆయన మీ మాట ఇక వినడు. విడిగా ఫోన్ చేసి, "బాబాయ్, అది పాత వీడియోనట" అనండి. తెలియనప్పుడు "సాయంత్రానికి కనుక్కుని చెప్తా" అనడం చిన్నతనమేమీ కాదు.

కరోనా ఉధృతి తగ్గినా వానాకాలం జ్వరాలు వస్తూనే ఉన్నాయి. డెంగీ అనగానే బొప్పాయి ఆకురసం ఫార్వర్డులు మొదలవుతాయి. డెంగీ వైరస్‌ను చంపే మందంటూ ఇంకా లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి, జ్వరానికి పారాసిటమాల్ వాడాలి. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంటికెళ్లిన రోజే ఆశా కార్యకర్త నంబరు, పీహెచ్‌సీ నంబరు తీసుకుని మీ వీధిలో పెద్దవాళ్ల ఫోన్లన్నిటిలో సేవ్ చేసిపెట్టండి.